మీ తర్వాత ఎవరు

నాచారంలో మా గల్లీకి ఒక అలవాటుంది. మెయిన్ రోడ్డు నుంచి కొత్త కారు ఏదైనా లోపలికి తిరిగిందంటే మొదటి షెడ్డులో మిషన్ మోగుతుంది. ఆ చప్పుడు విని పక్క షెడ్డువాడు తన మిషన్ ఆన్ చేస్తాడు. వాడిని చూసి ఎదుటివాడు. కారు గల్లీ చివర ఉన్న మా షెడ్డు దాకా వచ్చేసరికి తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద. ఆ మిషన్లలో చాలావరకు ఖాళీగా తిరుగుతుంటాయి. కోయాల్సిన ఇనుప ముక్క ఏదీ బిగించకుండా, ఊరికే గాలిలో తిరుగుతుంటాయి.

ఎందుకంటే పని ఇవ్వడానికి వచ్చేవాడు ఆగి ఉన్న మిషన్‌ను చూడకూడదు. అతన్ని మేము పార్టీ అంటాం. పని లేనివాడికి పని ఎవడూ ఇవ్వడు. చేతినిండా పని ఉన్నవాడి దగ్గరికే ఇంకా పని వస్తుంది. పెళ్లిచూపుల రోజు పక్కింటి సోఫా తెచ్చి వేసుకోవడం లాంటిదే ఇది కూడా. "పైన పటారం, లోన లొటారం" అని మా ఆవిడ ఎన్నిసార్లు ఎద్దేవా చేసిందో. నవ్వేవాళ్లు నవ్వనీ. ఆ రొద మీదే నేను ఉప్పల్‌లో ఇల్లు కట్టాను. ఆ రొద మీదే బిడ్డను ఇంజనీరింగ్ చదివించాను.

నేను టర్నర్‌ని. లేత్ మీద ఇనుమును గుండ్రంగా కోసే పని నాది. మందుల కంపెనీల్లో మాత్రలు అచ్చువేసే యంత్రాలుంటాయి. వాటికి కావలసిన అచ్చులు, విడిభాగాలు మా షెడ్డులో తయారవుతాయి. పొద్దున లేచి మీరు వేసుకునే బీపీ మాత్ర ఏదో ఒక అచ్చులో కూర్చుని లేచిందే. ఆ అచ్చు మా గల్లీలో కోసింది కూడా అయి ఉండొచ్చు. ఈ మాట చెప్పుకోవడం నాకు చాలా ఇష్టం. చుట్టాల ఇళ్లలో పెళ్లిళ్లకు పోయినా ఎవరో ఒకరిని పట్టుకుని చెప్తాను.

మా బాపుకు మాత్రం ఈ మాట వినడం ఇష్టముండేది కాదు.

బాపు జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, ఏఎస్ రావు నగర్ దగ్గరి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో హెల్పర్‌గా చేరి, టెక్నీషియన్‌గా రిటైరయ్యాడు. ఆయన లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. నౌకరి ఉన్నోళ్లు, లేనోళ్లు. వ్యాపారం చేసేవాళ్లు ఎంత సంపాదించినా రెండో రకంలోకే వచ్చేవాళ్లు. ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, కంపెనీ బస్సు రాకముందే మూల మీద నిలబడేవాడు. సాయంత్రం అదే బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, లుంగీ కట్టుకుని, అరుగు మీద చాయ్ గ్లాసుతో కూర్చునేవాడు. ఆ కూర్చోవడంలో ఒక రాజసం ఉండేది. ఆ చాయ్ అయ్యేదాకా ఎవరు వచ్చి పిలిచినా లేచేవాడు కాదు.

నాకు ఆ అరుగంటే ఒళ్లు మండేది. మనిషన్నాక ఇంతేనా అనిపించేది. ఐటీఐ అయ్యాక బాపు పని చేసే చోటే అప్రెంటిస్‌గా చేరాను. అది పూర్తయ్యాక పర్మనెంటు పోస్టుకు పరీక్ష పెట్టారు. అందులో నెగ్గితే తండ్రీకొడుకులం ఒకే బస్సులో పోయేవాళ్లం. బాపు నా కోసం కొత్త చొక్కా కూడా కుట్టించాడు. పరీక్ష రోజు నేను ఆ చొక్కా వేసుకునే నాచారం పోయి, ఒక పాత లేత్‌ను బేరమాడి వచ్చాను. ఈ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్తాను.

బాపు తిట్టలేదు, కొట్టలేదు. ఎవరైనా "మీ కొడుకేం జేస్తుండు?" అని అడిగితే "నాచారంల పని జేస్తుండు" అనేవాడు. అంతే. నా సొంత షెడ్డు అని ఒక్కనాడు కూడా అనలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నా అనేవాడు కాదు. లోపల ఉడికిపోయేవాణ్ణి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచాను గానీ ఇంట గెలవలేకపోయాను.

రిటైరయ్యాక ఒకే ఒకసారి షెడ్డుకు వచ్చాడు. దసరాకు మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశాం. బాపు చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన ఆఫీసర్‌లా అన్నీ తిరిగి చూశాడు. పెద్ద లేత్ దగ్గర ఆగి దాని మీద చేయి వేశాడు. మెచ్చుకుంటాడేమోనని నా ప్రాణం చెవుల్లోకి వచ్చింది.

"మిషన్ మంచిగుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీకు సెలవెప్పుడు?" అని అడిగాడు.

"ఓనర్‌కు సెలవేంది బాపు?" అన్నాను, నవ్వుతూనే.

"గందుకే అడుగుతున్న" అన్నాడు. దండం పెట్టుకుని, ప్రసాదం తిని, సిటీ బస్సెక్కి పోయాడు. కార్లో దింపుతానన్నా వినలేదు.

పనిలో పడి నేను ఆ మాటను పట్టించుకోలేదు. ఉన్న లేత్‌ల పక్కన ఇంకా లేత్‌లు చేరాయి. తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు వచ్చాయి. పక్క షెడ్డు కూడా తీసుకున్నాను. కరెంటు ఉంటే పని, పోతే జనరేటర్ మీద పని. పండగనాడు కూడా ఇంటికి పోయి, అన్నం తిని మళ్లీ వచ్చేవాణ్ణి. ఎందుకింత పరుగు అని అడిగితే అప్పుడు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. నా బిడ్డ నాలాగా సున్నా నుంచి మొదలుపెట్టకూడదు. ఆమె మొదటి మెట్టు నా ఆఖరి మెట్టు మీద ఉండాలి. ఇది అబద్ధం కాదు. ఆ కాలంలో నేను నిజంగా నమ్మిన మాట ఇదొక్కటే.

మాకు ఒక్కతే కూతురు. ఆమెను పెంచింది ఎవరు అంటే, మా ఆవిడ తర్వాత, బాపు. అమ్మ పోయాక ఆయన ఉప్పల్‌లో మా దగ్గరే ఉన్నాడు. చేతిలో పింఛను, చేతినిండా సమయం. పిల్లను బడికి నడిపించుకుని పోవడం, తీసుకురావడం, హోమ్‌వర్క్ చేయించడం అన్నీ ఆయనే. వీధిలో వాళ్ల పాడైన మిక్సీలు, రేడియోలు ఊరికే బాగుచేసి ఇచ్చేవాడు. పక్కన కూర్చుని వైర్లు పట్టుకునేది నా కూతురు. మనవరాలికి టంకం పెట్టడం వచ్చిందని ఆయన మురిసిపోయేవాడు. నేను కూడా మురిసిపోయాను. ఇంకేం, చెయ్యి తిరుగుతోంది, షెడ్డుకు వారసురాలు తయారవుతోందని లోలోపల లెక్కలు వేసుకున్నాను.

ఆమె మెకానికల్ ఇంజనీరింగే తీసుకుంది. నేను చెప్పలేదు, తనే తీసుకుంది. కాలేజీ అయ్యాక షెడ్డుకు కూడా తనంతట తనే వచ్చింది. అప్పటికి బాపు పోయి కొంతకాలమైంది. ఆమె వచ్చాక షెడ్డు తీరే మారిపోయింది. డ్రాయింగ్ చూసి సీఎన్‌సీకి ప్రోగ్రామ్ రాసేది. పార్టీలతో ఇంగ్లీషులో, హిందీలో గడగడా మాట్లాడేది. మా ఆపరేటర్లు "మేడమ్" అనబోతే "అక్క అనుండ్రి చాలు" అనేది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆమె కోసం ఏసీ పెట్టించి ఒక క్యాబిన్ కట్టించాను. గల్లీలో ప్రతి టీ బంకు దగ్గరా "ఇగ నా బిడ్డనే సూస్కుంటది, నేను రిటైరైత" అని చాటింపు వేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చెంగిచెర్ల అవతల ఇంకా పెద్ద షెడ్డుకు జాగా కూడా చూడ్డం మొదలుపెట్టాను. ఆమెను మాత్రం అడగలేదు. అడిగేదేముంది? సొంత షెడ్డు వద్దనేవాళ్లు ఎవరైనా ఉంటారా?

ఒక ఆదివారం షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. ఒక అర్జెంటు జాబ్ మిషన్ మీద ఉంది. జాబ్ అంటే మా దగ్గర కోతకు బిగించిన ముక్క. అది అయ్యేదాకా కూర్చోవాలి. అప్పుడు చెప్పింది.

"డాడీ, నేను పరీక్షలు రాస్తున్న. గవర్నమెంటు ఇంజనీరు పోస్టుకు."

"రాయి బిడ్డా, దాందేముంది" అన్నాను. ఈ కాలం పిల్లలు సరదాకు అన్నీ రాస్తారు కదా. ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్‌కు పొద్దున్నే పోతానంటే స్కూటీలో పెట్రోలు నేనే పోయించాను. ఆమె ఆటగా రాయడం లేదని, లక్షల మంది మధ్యలో నెగ్గి నిలుస్తుందని నాకు తట్టలేదు. నా బిడ్డ తెలివి మీద నాకు నమ్మకం లేక కాదు. ఆ తెలివి నా షెడ్డు కోసమే పుట్టిందనుకున్నాను.

నెగ్గింది. ఫలితం వచ్చిన రోజు మా ఆవిడ వీధంతా స్వీట్లు పంచింది. నేను ఒక పాల్కోవా తీసుకుని, తినకుండా పక్కన పెట్టాను.

"చేరుతవా?" అని అడిగాను.

"చేరుత డాడీ" అంది. నన్ను చూడకుండా కాదు, నేరుగా చూసే అంది.

వాదించాను. బతిమాలాను. కోపం వచ్చి గ్లాసు విసిరాను, అది ప్లాస్టిక్‌ది కాబట్టి ఇంటి పరువు దక్కింది. "మా బాపు ఏ నౌకరి జేసిండో గదే నౌకరికి పోతవానే? మల్ల ఎన్కకు పోతవా?" అని అరిచాను. ఆమె వంగి ఆ గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. చేరడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి కాబట్టి, ఈలోపు మనసు మారుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పొద్దున్నే ఎప్పటిలాగే నాతోపాటు షెడ్డుకు వచ్చేది, ఎప్పటిలాగే ప్రోగ్రాములు రాసేది. అది చూసి ఆశ పెరిగింది.

అదే సమయంలో ఒక పెద్ద పార్టీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మాత్రల యంత్రాలు తయారుచేసే కంపెనీ. ఒకసారి ఒప్పుకున్నారంటే ఏళ్లకేళ్లు పని ఇస్తారు. ముందు షెడ్డు చూడాలి, మిషన్లు చూడాలి, మాట్లాడాలి అన్నారు. ఈ గల్లీలో ఆ పని కోసం కాళ్లరిగేలా తిరిగినవాళ్లున్నారు. నన్ను వాళ్లే వెతుక్కుంటూ వస్తున్నారు. నాకు ఆ పని ఒక్కటే కనబడలేదు. ఇంత పెద్ద పని వస్తే నా బిడ్డ వదిలిపోతుందా? కళ్లారా చూస్తే ఆగిపోదా? నిజం చెప్పాలంటే ఆ పార్టీని నేను షెడ్డు కోసం కాదు, నా బిడ్డ కోసమే రమ్మన్నాను.

వాళ్లు వచ్చే రోజు షెడ్డు నేల అద్దంలా కడిగించాం. నేను ముందురోజే అందరికీ చెప్పి ఉంచాను. కారు కనబడగానే అన్ని మిషన్లూ ఆన్. ఆ నెల మా దగ్గర పని పలచగా ఉంది. సగం మిషన్లు ఖాళీగానే తిరగాలి. మూత వేసి ఉంటుంది కాబట్టి లోపల ఏముందో బయటివాడికి తెలియదు, కోతలో వేడి తగ్గించే కూలెంటు నీళ్లు మాత్రం జోరుగా పడుతుంటాయి.

"డాడీ, ఈళ్లకు గిట్ల అవసరమా?" అంది నా కూతురు.

"నీకు తెల్వది. నువ్వు క్యాబిన్‌ల కూసో. అడిగితే మాట్లాడు" అన్నాను.

కారు గల్లీలోకి తిరిగింది. మొదటి షెడ్డు మోగింది, రెండోది మోగింది, అలా వచ్చి వచ్చి మా దాకా వచ్చింది. దిగింది ఇద్దరు. ఒక పెద్దాయన, కోస్తా మాట, తలంతా నెరిసిపోయింది. ఆయనతో ఒక కుర్రాడు, చేతిలో ల్యాప్‌టాప్. పెద్దాయన మాట తక్కువ, చూపు ఎక్కువ. మేము చేసిన అచ్చును చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. గోటితో అంచు తడిమాడు. "బాగుందండీ" అన్నాడు. పని వచ్చేసినట్టే అనుకున్నాను.

క్యాబిన్‌లో కూర్చున్నాం. చాయ్‌లు వచ్చాయి. ఎంత మంది పనివాళ్లు, ఏ షిఫ్టులు, ఎంత తొందరగా ఇవ్వగలరు, అన్నీ అడిగారు. సగం జవాబులు నా కూతురే చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. కుర్రాడు టైపు చేసుకుంటున్నాడు. చివరికి పెద్దాయన చాయ్ కప్పు కింద పెట్టి అడిగాడు.

"ఇంకొక్కటే మాటండీ. మేం ఇచ్చే పని ఏళ్ల తరబడి నడిచేది. మీ వయసు కూడా చూస్తాం కదా. మీ తర్వాత ఎవరు చూసుకుంటారు?"

ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను. ఛాతీ ముందుకొచ్చింది. "ఇగో, కండ్ల ముంగటనే ఉన్నది గదా. నా బిడ్డ. ఇంజనీరు" అన్నాను.

పెద్దాయన ఆమె వైపు తిరిగి, తల ఊపి, "మంచిదమ్మా. అయితే ఇక మీతోనే మా వ్యవహారం" అన్నాడు.

నేను ఆమెను చూశాను. ఆ చూపులో బతిమాలడం ఉంది, బెదిరింపు ఉంది, ఇంకా ఏమేముందో నాకే తెలియదు. ఒక్క మాట. "అవునండీ" అంటే చాలు. చేరినా చేరకపోయినా తర్వాత చూసుకోవచ్చు. గల్లీలో ఎవరైనా ఆ మాటే అనేవాళ్లు.

"లేదు సార్" అంది నా కూతురు. "నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరుతున్నాను. ఇక్కడ నేను ఉండను. డాడీ ఉన్నన్ని రోజులు పని మాత్రం ఇప్పుడు మీరు చూసినంత బాగా ఉంటుంది. అది నేను చెప్పగలను. ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను."

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. కుర్రాడు టైపు చేయడం ఆపేశాడు. నా ముఖం మాడిపోయింది. నవ్వాలో, కోప్పడాలో, ఎక్కడికైనా లేచి పోవాలో తోచలేదు.

పెద్దాయన చాయ్ కప్పు పక్కకు జరిపాడు. "ఏ శాఖలో అమ్మా?" అని అడిగాడు. చెప్పింది. "బాగా చదువుకున్నారు, సంతోషం" అన్నాడు. అందులో వెటకారం లేదు. లేచారు. గేటు దాకా నేనూ పోయాను. కారు తలుపు తీసి, ఎక్కబోతూ ఆగి, పెద్దాయన నా భుజం మీద చేయి వేశాడు.

"ఆ వెనకాల మిషన్లు ఇక ఆపించండి. కరెంటు దండగ" అన్నాడు.

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఈ గల్లీ మొత్తం ఎవరిని మోసం చేస్తున్నామనుకున్నామో వాళ్లకు అంతా తెలుసు. తెలిసీ ఊరుకున్నారు, అంతే. లోపలికి వచ్చి ఆపమని సైగ చేశాను. ఒక్కొక్క మిషన్ ఆగిపోయింది. ఆపరేటర్లు నా ముఖం చూడకుండా పక్కకు తప్పుకున్నారు.

రాత్రి ఇంటికి ఇద్దరం ఒకే కార్లో బయలుదేరాం. హబ్సిగూడ సిగ్నల్ దాకా వచ్చాం. అక్కడ ట్రాఫిక్ ఆగిపోయింది. పైన మెట్రో పోతోంది.

"ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుండె?" అన్నాను.

"అబద్ధం ఎట్ల చెప్పాలె డాడీ? ఆయన నన్ను నమ్మి పని ఇస్తుండె. నేను పోయినాంక నువ్వు ఒక్కనివి ఎట్ల చేస్తుంటివి?"

"నీకేం తక్కువ చేసిన్నే నేను? నీకోసమే గదా గింత కష్టపడ్డది!"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "తక్కువ చేసినవని నేను అన్ననా? నాకు పనంటే భయం గాదు డాడీ. మిషన్ అంటే నాకు మస్తు ఇష్టం. కానీ నీ బతుకు నాకొద్దు. నా చిన్నప్పుడు నువ్వు ఇంట్ల ఉంటే చుట్టం వచ్చినట్టుండె. అమ్మ మంచి కంచంల అన్నం పెడుతుండె నీకు. తాత ఉండె కాబట్టి నేను పెరిగిన. నా పిల్లలకు తాత నువ్వే గదా. నువ్వు షెడ్ల, నేను షెడ్ల ఉంటే వాళ్లను బడికెళ్లి ఎవరు తీస్కొస్తరు?"

పెళ్లి కూడా కాని పిల్ల, పిల్లల గురించి అంత దూరం ఆలోచించి పెట్టుకుంది. పచ్చ సిగ్నల్ పడింది, వెనకవాడు హారన్ మీద చేయి వేశాడు, బండి కదిలించాను.

నా పక్షాన నేను ఒక్క మాట చెప్పుకోవాలి. నేను తప్పు చేశానని ఇప్పటికీ ఒప్పుకోను. ఆ పరుగు లేకపోతే ఆమెకు ఆ చదువు లేదు, వద్దనుకునే స్వేచ్ఛ కూడా లేదు. ఆకలి తెలిసిన బాపుకు నౌకరి కావాల్సి వచ్చింది. నౌకరి చూసి విసిగిన నాకు సొంత షెడ్డు కావాల్సి వచ్చింది. నన్ను చూడక విసిగిన నా బిడ్డకు మళ్లీ సాయంత్రాలు కావాల్సి వచ్చాయి. ఎవరి లేమి వాళ్లను నడిపించింది. దీనికి ఎవరిని తిట్టను?

ఆ పని మాకు రాలేదు. మల్లాపూర్ వైపు ఇంకో షెడ్డుకు పోయింది. అక్కడ ఇద్దరు కొడుకులు తండ్రి పక్కన కూర్చుంటారట. గల్లీలో వారంపాటు అదే మాట. "బిడ్డనే పార్టీని ఎల్లగొట్టిందట గదనే" అని ఒకడు నా ముందే అన్నాడు. వాడి కాలర్ పట్టుకోబోయి ఆగాను. అందులో అబద్ధమేముంది?

చెంగిచెర్ల జాగా మాట మానేశాను. పక్క షెడ్డు వదిలేద్దామని అనుకుంటున్నాను. నాకు ఓపిక ఉన్నన్నాళ్లు ఉన్నవాళ్లతో నడిపిస్తాను, ఆ తర్వాత మిషన్లు కావలసినవాళ్లకు అమ్మేస్తాను. ఇలా రాయడానికి చేయి రావడం లేదు. ఒక్కో మిషన్ వచ్చిన రోజు నాకు గుర్తుంది. కొబ్బరికాయ ఎవరు కొట్టారో, ఎటు పగిలిందో కూడా గుర్తుంది. బాధగా ఉంది. బాధ లేదని చెప్పుకుని పెద్దమనిషినవ్వాలని నాకు లేదు.

నా కూతురు ఉద్యోగంలో చేరింది. పొద్దున ఉప్పల్‌లో మెట్రో ఎక్కుతుంది. మొదటి వారంలోనే ఒక సాయంత్రం, మెడలో ఐడీ కార్డుతోనే, ఆఫీసు నుంచి సీదా షెడ్డుకు వచ్చింది. ఆపరేటర్లు పలకరించారు. సీఎన్‌సీ దగ్గర నిలబడి ఏదో సందేహం తీర్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"డాడీ, ఇంటికి పోదాం పా. అమ్మ మక్కగారెలు చేస్తుంది."

"పనుంది బిడ్డా. నువ్వు పో."

"నేను సూసిన. గా జాబ్ రేపు చేసినా నడుస్తది" అంది. అది నిజమే. ఆమెకు తెలియని జాబ్ షెడ్డులో లేదు.

ఏమనుకున్నానో, లేచాను. చేతులు కడుక్కున్నాను. గల్లీలో ఎండ ఇంకా ఉంది. ఆ వేళలో ఆ గల్లీ ఎలా ఉంటుందో నేను బయట నిలబడి చూసిందే లేదు. ఉప్పల్‌లో మా వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. కారుకు దారి ఇవ్వడానికి వికెట్లు తీసి పక్కన పెట్టారు. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. కూతురు పాల ప్యాకెట్ కోసం మూల మీద దిగింది. నేను బండి ఆపి, గేటు తీసి, బెల్లు కొట్టాను.

తలుపు తీసింది మా ఆవిడ. చేతికి మక్కపిండి ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమైంది?" అంది. నా వెనక వీధిలోకి చూసింది. "బిడ్డేది? ఎవలికేమైంది?"

"ఎవలికేం కాలే. పాలు తెస్తుంది."

ఆమె నమ్మలేదు. పనిరోజు వెలుగుండగా నేను ఇల్లు చేరింది బాపు పోయిన రోజు. ఆ తర్వాత మిషన్‌లో పడి నా వేలు నలిగిన రోజు. అంతకుమించి ఆమెకు వేరే గుర్తులేదు. పిండి చేత్తోనే నా నుదురు ముట్టుకుని చూసింది, మెడ కింద చూసింది, రెండు చేతులూ ముందుకు లాగి వేళ్లు చూసింది.

"పానం బాగలేదా? దవాఖానకు పోదామా?"

"నాకేం కాలేదే. ఊరికెనే వచ్చిన" అన్నాను.

"ఊరికెనే నువ్వెందుకొస్తవ్?" అంది ఏడుపు గొంతుతో, చేయి వదలకుండా.

పాల ప్యాకెట్‌తో కూతురు గేటు లోపలికి వచ్చేదాకా ఆమె నా చేయి వదల్లేదు, నేనూ లోపలికి అడుగు వేయలేకపోయాను.